నాపరాయి పుట్టిన చోటికి

మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. నిరుటి వేసవి సెలవుల్లో అతను భార్యాబిడ్డలతో కలిసి ‘ఆర్‌వీ’ అని పిలిచే ఇంటిబండిని అద్దెకు తీసుకుని, పది రోజులపాటు యూటా, అరిజోనా రాష్ట్రాల ఎడారి లోయల్లో తిరిగాడు. జియాన్, బ్రైస్, చివరికి గ్రాండ్ కాన్యన్. ప్రతిరోజూ ఒకసారి వీడియో కాల్ చేసి నాచారంలోని మా ఇంటిల్లిపాదికీ తాము చూసినవన్నీ చూపించేవాడు. డ్రైవరు సీటు వెనుకే వంటగది, దాని వెనుక పడకలు, ఓ మూల స్నానాల గది. మంచినీటికి ఒక తొట్టి, వాడిన నీటికి ఒకటి, మరుగుదొడ్డి నీటికి మరొకటి. సాయంత్రానికల్లా ముందే కేటాయింపు చేయించుకున్న విడిది స్థలం చేరి, బండిని కరెంటుకూ నీటి గొట్టానికీ తగిలించుకోవాలి. వాడిన నీటిని నిర్ణీత స్థలంలోనే వదలాలి. “భాయ్, ఇక్కడికి వచ్చాక మా పిల్లలకు చెంబెడు నీటి విలువ తెలిసింది” అన్నాడు తమ్ముడు నవ్వుతూ.

గ్రాండ్ కాన్యన్ చూపించిన రోజున ఫోను నాన్నగారి చేతికి ఇచ్చాం. ఆయన దాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుని, కాస్త కుడికి, కాస్త ఎడమకు, పైకి, కిందికి జరుపుతూ చూశారు. ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లనీ, లోతు కిలోమీటరున్నరకు మించి ఉంటుందనీ అటు నుంచి తమ్ముడు చెబుతున్నాడు. అరచేతిలో పట్టే ఫోనులో అంతటి లోయ ఎవరికైనా ఏపాటి కనిపిస్తుంది? నాన్నగారికి అందులోనూ పావు వంతే కనిపిస్తున్నదని మా అందరికీ తెలుసు. ఆ మాట ఎవరమూ పైకి అనలేదు.

ఫోను పెట్టేశాక ఆయనే అన్నారు: “మన దగ్గరా ఇలాంటిది ఉందట కదా బేటా, గండికోట! ఆ పక్కనుంచే ముప్పై ఏళ్లు లారీ నడిపాను. ఒక్కసారీ ఆగలేదు.”

మా ప్రయాణానికి బీజం పడింది ఆ మాటతోనే.

లోడు ఆగదు, మనిషీ ఆగడు

మా నాన్నగారు లారీ డ్రైవరు. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడల నుంచి సరకు వేసుకుని కర్నూలు మీదుగా కడప, ప్రొద్దుటూరు వెళ్లేవారు. తిరుగు లోడుగా బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నుంచి నాపరాయి తెచ్చేవారు. కొందరు దాన్ని కడపరాయి అంటారు. పాత హైదరాబాదు ఇళ్లలో వంటగది గట్టు మీద, వరండాలో, మెట్ల మీద పరిచిన నల్లని, బూడిదరంగు పలకలు అవే. పలకలను పడుకోబెడితే కుదుపులకు పగులుతాయి. కనుక నిలువుగా పేర్చి, నడుమ గడ్డి దట్టించి తేవాలి. మా ఇంటి నేలకు పరిచిన రాయి కూడా ఆయన స్వయంగా ఎంచి తెచ్చిందే.

మూడేళ్ల క్రితం హబ్సిగూడ కూడలి దగ్గర, పక్కనుంచి వస్తున్న ద్విచక్ర వాహనం ఆయనకు కనిపించలేదు. దేవుని దయవల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ సాయంత్రమే ఆయన బండి తాళాలు నా చేతిలో పెట్టి, “ఇక నడపను” అన్నారు. పరీక్షలు చేయిస్తే నీటికాసులని తేలింది. ఈ జబ్బులో చాలామందికి నొప్పి ఉండదు, మంట ఉండదు. చూపు అంచుల నుంచి మెల్లగా కుంచించుకుపోతూ ఉంటుంది. ఎదుటి మనిషి ముఖం స్పష్టంగా కనిపిస్తుంది, పక్కనున్న గోడ కనిపించదు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని చుక్కల మందులతో కాపాడుకోవడమే. నలభై దాటినవారు, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవారు, కంటిలోని ఒత్తిడిని పరీక్షించుకుంటూ ఉండాలని డాక్టరుగారు చెబితే, మా అన్నదమ్ములం ఇద్దరమూ తలవంచుకుని విన్నాం.

అందుకే ఆయన నోట గండికోట మాట వచ్చినప్పుడు, వచ్చే ఏడాది చూద్దామని అనడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇంటిబండి కాని ఇంటిబండి

మాకు అమెరికా ఇంటిబండి ఎక్కడ దొరుకుతుంది? అయితే ఒకప్పుడు నాన్నగారి లారీ మీద క్లీనరుగా పనిచేసిన కుర్రవాడు ఇప్పుడు సొంతంగా టెంపో ట్రావెలర్ నడుపుకుంటున్నాడు. విషయం చెప్పగానే, “ఉస్తాద్‌ను నేను తీసుకుపోతా, డీజిల్ పోయించండి చాలు” అన్నాడు. ఎంతో బతిమాలితే గానీ బాడుగ పుచ్చుకోవడానికి ఒప్పుకోలేదు.

బండి వెనుక వరుసలో పరుపులు, దుప్పట్లు, చాపలు సర్దాం. ఇరవై లీటర్ల నీటి క్యానులు నాలుగు, చిన్న సిలిండరు, ఒంటి పొయ్యి, కుక్కరు, బియ్యం, పప్పు, అమ్మ పెట్టిన ఆవకాయ. పొయ్యి బండి లోపల వెలిగించరాదనీ, దించి ఆరుబయటే వంట చేయాలనీ నాన్నగారు మొదటే షరతు పెట్టారు. డిసెంబరు సెలవుల్లో ఒక శనివారం ఫజ్ర్ నమాజు తరువాత ఆరుగురం బయలుదేరాం: నాన్నగారు, అమ్మ, నేను, నా శ్రీమతి, పదమూడేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి. ఏడోవాడు ఉస్తాద్ శిష్యుడు.

ఉప్పల్ రింగురోడ్డు దాటి, నాగోలు దగ్గర మూసీ దాటి, ఎల్బీనగర్ మీదుగా బెంగళూరు రహదారిని అందుకున్నాం. షాద్‌నగర్, జడ్చర్ల దాటేసరికి ఎండ ఎక్కింది. పిల్లలు తాతగారితో ఒక ఆట మొదలుపెట్టారు. ఆయన కళ్లు మూసుకోవాలి, ఎక్కడున్నామో చెప్పాలి. ఆయన మలుపులను బట్టి, ఎత్తుపల్లాలను బట్టి, టైర్ల చప్పుడును బట్టి చెప్పేస్తున్నారు. వంతెన అతుకుల మీద చక్రాలు తడక్ తడక్‌మనగానే, “బీచుపల్లి. కింద కృష్ణ ఉంది చూడండి” అన్నారు. మరికొంత సేపటికి మళ్లీ అదే చప్పుడు. “తుంగభద్ర. కర్నూలు వచ్చేసింది.” అబ్బాయి చప్పట్లు కొట్టాడు. శిష్యుడు మాత్రం స్టీరింగు మీద చేతులుంచి, మాట్లాడకుండా నడుపుతున్నాడు.

కర్నూలు దాటి నంద్యాల దారిలో ఓర్వకల్లు రాళ్లగుట్టల దగ్గర ఆగి, ప్రయాణికుల వెసులుబాటు ప్రకారం జుహర్ రెండు రకాతులు చదువుకుని, అన్నం తిన్నాం. అక్కడి నుంచి పాణ్యం, బనగానపల్లె. మామిడికి పేరు పొందిన ఈ ఊరు 1948 వరకు నవాబుల ఏలుబడిలోని చిన్న సంస్థానం. అటుపైన దారికి ఇరువైపులా పలకల గుట్టలు, కోత యంత్రాల రొద, తెల్లని రాతిపొడి మొదలయ్యాయి. నాన్నగారు కిటికీ అద్దం దించి గాలి పీల్చారు. “ఈ వాసన అమ్మకు బాగా తెలుసు, నా బట్టలు ఉతికింది ఆమే కదా” అన్నారు. అమ్మ ఏమీ అనకుండా కొంగు సర్దుకుంది.

బిలం

కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలకు ఆ పేరు ‘బిలం’ అనే మాట నుంచి వచ్చిందంటారు. పైనుంచి చూస్తే పొలాల నడుమ బావుల్లాంటి గోతులే కనిపిస్తాయి. మధ్య గోతిలోకి మెట్లు దిగితే అసలు గుహ మొదలవుతుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడు. 1982, 83లలో గెబావర్ అనే జర్మన్ అన్వేషకుడి బృందం లోపల తిరిగి కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో దాదాపు సగం దూరం దీపాలు, బాటలు ఏర్పరచి 2002లో ప్రజలకు తెరిచారు. నాన్నగారు ఈ దారుల్లో రాయి మోసిన తొలి సంవత్సరాల్లో ఇది చుట్టుపక్కల ఊళ్లవారికి తప్ప తెలియని చోటు.

ఇక్కడి సున్నపురాయి ఒకనాడు లోతు తక్కువ సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురద. కోట్ల ఏళ్ల కాలంలో అదే గట్టిపడి రాయి అయింది. పలకలు పలకలుగా చీలే గుణం ఆ పొరల వల్ల వచ్చిందే. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. అది పగుళ్లలో ఇంకుతూ రాతిని కరిగిస్తుంది. నీరు తొలిచిన ఆ దారులే ఈ గుహలు. గనిలో మనుషులు కోసి తెచ్చినది మన ఇంటి నేల అయింది, నీరు కరిగించి తీసుకుపోయినది ఈ చీకటి అయింది.

లోపల ఉక్క ఎక్కువ, వెలుతురు తక్కువ. ఆయన చూపుకు ఇది తగిన చోటు కాదని ముందే అనుకున్నాం. మొదటి విశాలమైన గది వరకు నేనూ శిష్యుడూ చెరోవైపు పట్టుకుని దించాం. ఆయన గోడ మీద అరచేయి ఆనించి, వేళ్లతో పొరలను ఒకటొకటిగా తడిమారు. “ఇది మన రాయే” అన్నారు. ఇంకా లోపలికి రానన్నారు. పిల్లలు అమ్మతో, నా శ్రీమతితో కలిసి ముందుకు వెళ్లారు. మేం ముగ్గురం అక్కడే రాతిమెట్టు మీద కూర్చున్నాం. “బయట లోడు కట్టించుకుంటూ గంటలకొద్దీ కూర్చునేవాళ్లం, గుర్తుందా?” అని ఆయన శిష్యుణ్ణి అడిగారు. “ఉంది ఉస్తాద్. పోయి చూద్దామని నేనంటే మీరు తిట్టిన్రు.” ఇద్దరూ నవ్వుకున్నారు.

లోయ అంచున

బెలుం నుంచి జమ్మలమడుగు చేరి, అక్కడి నుంచి 15 కిలోమీటర్లు పోతే గండికోట. మేం చేరేసరికి చీకటి పడింది. బండి నిలిపే స్థలంలోనే చాపలు పరిచి, కిచిడీ వండుకుని, మగ్రిబ్, ఇషా నమాజులు ముగించాం. వుజూకు మనిషికి ఒక మగ్గు నీరు మాత్రమేనని అమ్మ లెక్క పెట్టింది. నది ఒడ్డున ఉన్నా నీటిని దుబారా చేయరాదన్న ప్రవక్త (స) హితవు మనకు చిన్ననాటి నుంచి వింటున్నదే. క్యాను అడుగు కనిపిస్తున్నప్పుడు గానీ అది చేతులకు అలవాటు కాదు. స్త్రీలు, పిల్లలు బండిలో, మేం ముగ్గురం బయట దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం. నాచారంలో కనిపించనన్ని నక్షత్రాలు. “నాకు కొన్ని కనిపిస్తున్నాయి” అన్నారు నాన్నగారు. ఎన్ని అని నేను అడగలేదు.

తెల్లవారుజామున ఫజ్ర్ చదివి లోయ వైపు నడిచాం. కోట దాటాక దారి అంటూ ఉండదు. పెద్ద పెద్ద ఎర్రని బండలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. చాలాచోట్ల అంచున కంచె లేదు, కింద దాదాపు 300 అడుగుల నిలువు లోతు. పక్కచూపు లేని మనిషిని అక్కడికి తీసుకువెళ్తున్నందుకు నాలో నేను వణికాను. ఒక చేయి నా భుజం మీద, మరొకటి శిష్యుడి భుజం మీద వేసి, ఆయన ప్రతి అడుగునూ ముందు పాదంతో తడిమి చూసుకుని వేశారు. అంచుకు పది అడుగుల దూరంలో, “ఉస్తాద్, ఇక చాలు” అన్నాడు శిష్యుడు. ఒకప్పుడు ఆయన మాటకు ఎదురాడనివాడు. ఆయన మారుమాట లేకుండా అక్కడే బండ మీద కూర్చున్నారు.

నందికొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు పారి, నెల్లూరు దాటి బంగాళాఖాతంలో కలిసే పెన్నానది ఇక్కడ ఎర్రమల కొండలను చీల్చుకుని పోతుంది. ఆ గండి వల్లనే ఊరికి గండికోట అనే పేరు. ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం. ఈ ఎర్రరాయి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటేనని శాస్త్రవేత్తలు చెబుతారు. ఇసుక పొరలు గట్టిపడి ఏర్పడిన ఈ రాయి సున్నపురాయిలా కరగదు. నిలువు, అడ్డ పగుళ్ల వెంట దిమ్మలు దిమ్మలుగా విరిగి పడుతుంది. అందుకే గోడలు ఇటుకలు పేర్చినట్లు నిటారుగా నిలిచాయి. గ్రాండ్ కాన్యన్‌తో పోలిస్తే ఇది చిన్నదే. అక్కడ కొలరాడో నది కోసిన కోతలో పొరలు మెట్లు మెట్లుగా దిగుతాయి, అట్టడుగు శిలల వయసు సుమారు 170 కోట్ల ఏళ్లు. అక్కడా ఇక్కడా రాతి మీద పనిచేసింది మాత్రం నీరే. దానికి తొందర లేదు.

మా అమ్మాయి తాతగారి పక్కన కూర్చుంది. “ఎడమవైపు నుంచి మొదలుపెడతాను దాదా” అంది. ఎదుటి గోడ, దాని నీడ, గోడ పగుళ్లలో మొలిచిన పొదలు, నది మలుపు, నీటి మీద పడుతున్న వెలుగు ఒక్కొక్కటే చెప్పసాగింది. ఆయన తలను ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పుతున్నారు, చీకటి గదిలో టార్చిలైటు వేసి వెతుకుతున్నట్లుగా. మేమైతే ఒక్క చూపుతో లోయంతా చూసేశాం, వెంటనే ఫోన్లు బయటికి తీశాం. ఆయనకు అర్ధగంట పట్టింది. నడుమ ఒకచోట, “ఆగమ్మా, ఇక చెప్పకు. కనిపించింది” అన్నారు.

సూర్యుడు పైకి వచ్చాడు. ఎర్రబండలు మరింత ఎర్రబడ్డాయి. చాలాసేపు మౌనంగా ఉండి, “మీ అమ్మను పిలువు” అన్నారు నాతో. అమ్మ దూరంగా, భయంతో వెనకే నిలబడిపోయి ఉంది. ఆ ముప్పై ఏళ్లూ ఆమె లారీ చప్పుడు కోసం ఎదురుచూస్తూ నాచారం ఇంట్లోనే గడిపింది. చేయి పట్టుకుని తెచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టాం. ఆయన వేలుతో చూపిస్తూ మా అమ్మాయి చెప్పిన వరుసలోనే, ఎడమ నుంచి కుడికి, ఆమెకు చెప్పడం మొదలుపెట్టారు. మేం పిల్లలను తీసుకుని ఇవతలికి వచ్చేశాం.

కోట లోపల

భూమిపై సంచరించి, సృష్టి ఎలా మొదలైందో, మునుపటి జాతులు ఏమయ్యాయో గమనించమని దివ్య ఖుర్ఆన్ పదే పదే పిలుస్తుంది. గండికోటలో ఈ రెండింటికీ నిదర్శనాలు ఒకేచోట ఉన్నాయి. లోయకు ఇవతల కోట. పెమ్మసాని నాయకులు తరతరాలుగా ఏలిన ఈ కోటను 1650లో గోల్కొండ సుల్తాను మంత్రి మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే అతణ్ణి కలుసుకోవడానికి ఇక్కడికి వచ్చి, ఈ కోట గురించి తన యాత్రా గ్రంథంలో రాశాడు. ఆ తరువాత కడప నవాబులు, మైసూరు పాలకులు, కంపెనీ దొరలు. ఒక్కరూ మిగల్లేదు.

జామా మసీదు ముందు విశాలమైన ప్రాంగణం, దాని పక్కల వంపుద్వారాల గదుల వరుసలు. చేరువలోనే పెద్ద ధాన్యాగారం, కోనేరు. కొంచెం దూరంలో మాధవరాయ ఆలయ గోపురం. అన్నీ దాదాపు ఆ కొండల రంగులోనే ఉన్నాయి. మసీదు ఇప్పుడు పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం. నాన్నగారు ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుని, కోటలో ఇప్పటికీ కాపురాలున్న ఊరి ముసలాయనతో వానల గురించి, వేరుసెనగ ధర గురించి, పెన్నాకు ఎప్పుడు ఎంత నీరు వచ్చిందన్న దాని గురించి మాట్లాడారు. చరిత్ర కన్నా ఆ కబుర్లే ఆయనకు నచ్చాయి.

తిరుగు దారి

ఇంకో రాత్రి అక్కడే గడిపి, మూడోనాడు వేకువనే బయలుదేరాం. వచ్చిన దారిన కాక నంద్యాల, ఆత్మకూరు, దోర్నాల మీదుగా నల్లమలలోకి మళ్లాం. తమ్ముడి పిల్లలు జాతీయ వనాలు చూశారు కదా, మా వాళ్లకూ అడవి చూపించాలని కోరిక. శ్రీశైలం దగ్గర కృష్ణ దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మన్ననూరు దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను అడవిలోకి వదలరు. ఆ వేళ రోడ్డు జంతువులది. పులి కనిపించలేదు. నాలుగు దుప్పులు కనిపించాయి. మా అబ్బాయి, “దాదా, కుడివైపు, చెట్టు కింద” అని చెబితే, బండి ఆపి, ఆయన వెతికి పట్టుకునే దాకా ఎవరం మాట్లాడలేదు. ఆశ్చర్యం, దుప్పులు కూడా కదలలేదు.

రాత్రికి ఉప్పల్ చేరాం. ఫ్లైఓవరు పనులు, హారన్లు, మెట్రో వెలుగులు. సామాను దించి శిష్యుడు వెళ్లబోతుంటే నాన్నగారు అతని తలపై చేయి ఉంచారు. “బండి బాగా నడిపావు” అన్నారు. ఆ ఒక్క మాటకు అతను కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. పక్కచూపు లేని నాన్నగారు కూడా చూసే ఉంటారు, ఎందుకంటే అతను సరిగ్గా ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

మర్నాడు ఉదయం మా అబ్బాయి వరండాలో నేల మీద బోర్లా పడుకుని, చెవి రాతికి ఆనించి ఉన్నాడు.

“దాదా, ఇది సముద్రం అడుగు కదా?”

“అవును బేటా” అన్నారు నాన్నగారు, చుక్కల మందు వేయించుకోవడానికి తల వెనక్కి వాల్చి. “నేనే మోసుకొచ్చాను.”